పుట్టిన కాగితం ఏ ఊళ్ళో ఉంటుంది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నా చదువు ఎనిమిదో తరగతి. నూలు లెక్క, కూలి లెక్క, సరుకు లెక్క, ఇవే నాకు తెలిసిన చదువులు. కానీ ఈ నాలుగైదేళ్ళుగా మా సొసైటీ ఆఫీసు గుమ్మం ఎక్కేవాళ్ళలో నూలు కోసం వచ్చేవారి కంటే కాగితాల కోసం వచ్చేవారే ఎక్కువయ్యేరు. అందులోనూ ఎక్కువ మంది అడిగేది ఒకటే కాగితం. బర్త్ సర్టిఫికెట్. మనవణ్ణి బడిలో వెయ్యాలి, అమ్మకి పింఛను రావాలి, కుర్రాడు గల్ఫు వెళ్ళాలి, ఏ పనికి వెళ్ళినా పుట్టిన తేదీకి రుజువేదీ అంటున్నారు. అధ్యక్షులవారు "ఈసారి ఆ సంగతే చెప్పండి" అన్నారు. నేను తిరిగి తెలుసుకున్నది, నలుగురి చేత తిప్పించి తెలుసుకున్నది చెప్తాను.

ముందుగా ఒక్క మాట. ఇది పట్టుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది. పుట్టిన కాగితం మనం ఉండే ఊళ్ళో ఉండదండి, మనం పుట్టిన ఊళ్ళో ఉంటుంది. రేషను కార్డు యానాంలో ఉండొచ్చు, ఓటు యానాంలో ఉండొచ్చు, ఇంటి పన్ను యానాంలో కట్టవచ్చు. బిడ్డ భూమ్మీద పడ్డది ఎక్కడో అక్కడి పుస్తకంలోనే రాస్తారు. చట్టం అలాగే ఉంది.

మరి మనవాళ్ళు ఎక్కడ పుడతారు? తొలి కాన్పు పుట్టింట్లో. ఇది మన ఆచారం. మన కోడళ్ళు ఎక్కడి నుంచి వచ్చేరో ఒక్కసారి చూసుకోండి. ఉప్పాడ, పులగుర్త, బండార్లంక, మోరి. మగ్గం ఉన్న ఊరికీ మగ్గం ఉన్న ఊరికీ సంబంధాలు కలుపుకున్నాం. అంటే యానాంలో పెరిగి, యానాంలో నేసి, యానాంలో ముసలాడైన మనిషి పుట్టిన కాగితం బండార్లంకలో ఉండవచ్చు. ఇంటికి పెద్దకొడుకో పెద్దకూతురో అయితే ముందుగా అమ్మ పుట్టిల్లు ఏదో అడగండి. యానాం మునిసిపాలిటీకి ఆ తరవాత వెళ్ళొచ్చు.

రెండోది కాకినాడ. కాన్పు కష్టం అనగానే మనకి కాకినాడ పెద్దాసుపత్రే దిక్కు. ముప్పై కిలోమీటర్లు కూడా లేదు, బస్సెక్కితే గంటలో దిగుతాం. కానీ ఆ గంటలో మనం పుదుచ్చేరి దాటి ఆంధ్రలోకి వెళ్ళిపోయేం. అక్కడ పుట్టిన బిడ్డ పేరు కాకినాడ నగరపాలక సంస్థ పుస్తకంలో ఉంటుంది. దానికి మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. యానాం మునిసిపాలిటీ వాళ్ళని ఎంత బతిమాలినా వాళ్ళ దగ్గర లేని పేరు ఎలా ఇస్తారు? ఈ సంగతి తెలియక యానాం గుమస్తా మీద కోపం పెంచుకున్నవాళ్ళని చాలా మందిని చూసేను.

ఇక మన సరిహద్దు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట యానాం. నీలపల్లి, సుంకరపాలెం ఆంధ్ర. మంచినీళ్ళకి వెళ్ళి వచ్చేంత దూరం. "మేం యానాం వాళ్ళమే" అంటారు, పుట్టింది మాత్రం నీలపల్లిలో మేనమామ ఇంట్లో. అక్కడ పుట్టినవారి లెక్క పూర్వం గ్రామ మునసబు రాసేవారు. 1984లో ఆ ఉద్యోగాలు ఆంధ్రలో తీసేసేరు. పాత పుస్తకాలు మండల తహసీల్దారు ఆఫీసులకు చేరేయి. నీలపల్లి, సుంకరపాలెం అయితే తాళ్ళరేవు మండలం. ఇంకో చిక్కు, 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టేక తాళ్ళరేవు కాకినాడ జిల్లాలోకి వెళ్ళింది, ఏటవతల ఎదుర్లంక కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. పాత కాగితం మీద తూర్పు గోదావరి అని ఉంటే అది తప్పు కాదు, దిద్దించక్కర్లేదు. అలాగే మన కాగితం మీద పాండిచ్చేరి అని ఉన్నా తప్పు కాదు. పుదుచ్చేరి అన్న పేరు 2006లో వచ్చింది.

పెళ్ళికీ పుట్టుకకీ ముడిపెట్టకండి. ఒకాయన "మా నాయనమ్మ పెళ్ళి యానాంలోనే అయ్యిందండి, ఆవిడ ఇక్కడే పుట్టి ఉంటుంది" అని వాదించేడు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చేక బ్రిటిషు వైపు వాళ్ళు చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యడానికి బళ్ళు కట్టుకుని యానాం వచ్చేవారు. ఇక్కడ ఫ్రెంచి వాళ్ళ పాలన కాబట్టి ఆ చట్టం లేదు. ఆ రోజుల్లో యానాంలో పెళ్ళైన వాళ్ళందరూ యానాంలో పుట్టేరనుకుంటే ఈ ఊరు పట్టేది కాదు.

ఇప్పుడు ఫ్రెంచి వాళ్ళ పుస్తకాల సంగతి. ఇది మన యానాం వాళ్ళకే ఉన్న సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 1954 జూన్ 13న ఇక్కడ జెండా మారింది. చట్టం ప్రకారం పూర్తిగా భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. అంతకుముందు పుట్టినవారి వివరం మేరీలో, అంటే ఇప్పటి మునిసిపాలిటీలో, ఫ్రెంచి భాషలో రాసేవారు. మన పెద్దల్లో డెబ్బై దాటినవారికి ఆ పుస్తకమే ఆధారం. అది చూడగానే చాలా మంది భయపడి వదిలేస్తారు. భయం అక్కర్లేదు, నాలుగు గుర్తులు తెలిస్తే చాలు.

మొదటి గుర్తు, ఊరి పేరు యానాం అని ఉండదు, యానావ్ అని ఫ్రెంచి స్పెల్లింగులో ఉంటుంది. రెండోది, ఏడాది అంకెల్లో ఉండదు, మాటల్లో ఉంటుంది. మనం "పందొమ్మిది వందల నలభై ఎనిమిది" అని అక్షరాల్లో రాసినట్టు. మూడోది చాలా ముఖ్యం. పైన మొదట కనిపించే తేదీ పుట్టిన తేదీ కాదండి. తండ్రి వెళ్ళి మేరీలో చెప్పిన తేదీ అది. పుట్టిన తేదీ లోపలి వరసల్లో ఉంటుంది. తర్జుమా చేసినవాళ్ళు పై తేదీనే ఎక్కించేస్తే, ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు తయారవుతాయి. నాలుగోది, జూన్‌ని ఫ్రెంచిలో జువాఁ అంటారు, జూలైని జుయ్యే అంటారు. రాతలో రెండూ ఒకలాగే కనబడతాయి. ఆ రెండు నెలల్లో ఏదైనా వస్తే ఇంకొకరి చేత చూపించండి.

ఆ పుస్తకాల్లో తండ్రి వృత్తి కూడా రాసేవారు. నేతగాణ్ణి ఫ్రెంచిలో తిస్సరాఁ అంటారు. ఒకే పేరు గల తండ్రులు ఇద్దరు కనబడితే ఆ మాట ఎవరి పక్కన ఉందో చూడండి, మనవాడు దొరుకుతాడు. ఆ మాట ఒకసారి చూసి మా సభ్యుడొకాయన చాలాసేపు పుస్తకం మీద వేలు తియ్యలేదు. ఆయన తాత అక్షరం ముక్క రాని మనిషి.

పుస్తకం పాడైపోయిందని చెప్తే అక్కడితో ఆగిపోవద్దు. ఫ్రెంచి వాళ్ళ పద్ధతిలో ఇలాంటి పుస్తకాలకు ఒకటి కంటే ఎక్కువ ప్రతులు రాసేవారు. ఒకటి మేరీలో, ఒకటి కోర్టు దఫ్తరులో, ఇంకొకటి ఓడ మీద ఫ్రాన్సుకు. పాత వలస ప్రాంతాల కాగితాలు అక్కడ ఎక్స్ అనే ఊరి భాండాగారంలో దాచేరు. మన అందరికీ అంత దూరం అవసరం రాదు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్న కుటుంబాలకు మాత్రం నాంత్ అనే ఊళ్ళో ఉన్న వాళ్ళ ప్రభుత్వ ఆఫీసు కాగితం ఇస్తుంది. ఆ దారి వేరు.

సరే, ఊరు తేలింది. దరఖాస్తులో ఏం రాయాలి? పుట్టిన తేదీ, ఊరు, వీధి లేక ఆసుపత్రి, తండ్రి పేరు, తల్లి పేరు, ఆడా మగా. తేదీ తెలియకపోతే ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు వెతకాలో రాయండి. చట్టంలో 17వ సెక్షను ఉంది, పుస్తకం వెతికించమని, అందులో రాసినదాని నకలు ఇమ్మని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. మనం బిచ్చం అడగటం లేదు. రుసుము చిన్నదే, ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి.

ఏడాది తేల్చడానికి ఇంట్లో ముసలివాళ్ళని అడిగే పద్ధతి ఒకటుంది. "నేను ఎప్పుడు పుట్టేను?" అని అడిగితే చెప్పలేరు. "జెండా మారినప్పుడు నేను పుట్టేనా? దివిసీమ ఉప్పెనప్పుడు నడుస్తున్నానా? గోదారి వరదప్పుడు బళ్ళో ఉన్నానా?" అని అడగండి. టక్కున చెప్తారు. జెండా 1954, ఉప్పెన 1977 నవంబరు, పెద్ద వరద 1986 ఆగస్టు, మనల్ని ముంచేసిన తుఫాను 1996 నవంబరు 6. బడి రిజిస్టరు కూడా చూడండి గానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. అయిదేళ్ళు నిండినట్టు చూపడానికి మాస్టర్లు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేసేవారు. మన తరంలో సగం మంది జూలై 1నే పుట్టేరు కదండీ!

పుస్తకంలో పేరు కనబడకపోతే కంగారు వద్దు. పూర్వం బారసాల కాకముందే లెక్క రాసేసేవారు కాబట్టి పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఫలానా వారి మగబిడ్డ, ఫలానా వారి ఆడబిడ్డ అని మాత్రమే ఉంటుంది. అది కూడా మన కాగితమే. పేరు చేర్చుకోవడానికి మొదటి ఏడాది రుసుము లేదు, పదిహేనేళ్ళ వరకు రుసుముతో చేరుస్తారు. అంతకంటే పాతవాటికి గడువు అప్పుడప్పుడు పొడిగిస్తుంటారు, రిజిస్ట్రారుని అడగండి.

ఇక్కడ ఒకావిడ సంగతి చెప్పాలి. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నారేమో కూడా చెప్పను. భర్త పోయేడు, పిల్లలు దూరం. ఆవిడ ఆసు పోసి, కండెలు చుట్టి బతికే మనిషి. కళ్ళు మసకబారి పోగు కనపడటం మానేసింది. పింఛనుకి వెళ్తే వయసు చాలలేదన్నారు. ఎందుకంటే ఆధారు తీసినరోజు ఆవిడకి తేదీ తెలియదు. మిషను దగ్గర కుర్రాడు మొహం చూసి జనవరి 1 అని ఒక ఏడాది వేసేడు. ఆవిడ కాస్త గట్టిగా ఉండే మనిషి, అందుకని పదేళ్ళు తగ్గించేసేడు. గట్టిగా ఉండటం కూడా నష్టమే అయ్యింది చూడండి. యానాంలో వెతికిస్తే పేరు లేదు. "మీ అమ్మగారిది ఏ ఊరు?" అని అడిగితే నీలపల్లి అంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అక్కడి పాత పుస్తకంలో తండ్రి పేరు, తల్లి పేరు, ఆడబిడ్డ, తేదీ ఉన్నాయి. పేరు గడి ఖాళీ. ఆ నకలు, తోబుట్టువుల వాంగ్మూలం పెట్టి ఆధారులో తేదీ మార్పించుకుంది. ఆధారులో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మారుస్తారు, కాబట్టి సరైన రుజువు చేతికి వచ్చేకే వెళ్ళండి. ఊహ మీద మార్చుకుని ఆ ఒక్క అవకాశం పోగొట్టుకోకండి.

అందరికీ అలా దొరకదు. ఇంకొక కుటుంబానికి మూడు చోట్ల వెతికినా దొరకలేదు. ఇంట్లో మంత్రసాని చేత కాన్పు, ఎవరూ వెళ్ళి చెప్పలేదు, అంతే. అప్పుడు రిజిస్ట్రారు దగ్గర "మా పుస్తకంలో లేదు" అని ధ్రువపత్రం తీసుకోవాలి. నోటిమాట పనికిరాదు. అది పట్టుకుని ఆలస్యంగా నమోదు చెయ్యమని దరఖాస్తు పెట్టుకోవాలి. పుట్టి ఏడాది దాటినవాటికి ఇదివరకు మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ వచ్చేక జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారించి ఉత్తర్వు ఇవ్వొచ్చు. మనబోటి వాళ్ళకి ఇది మేలే, కోర్టు మెట్లు తప్పేయి. రిజిస్ట్రారు కాదన్నా దారి మూసుకుపోలేదు. ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకి అప్పీలు చేసుకోవచ్చు. అందుకే ఎవరు కాదన్నా "రాసి ఇవ్వండి బాబూ" అనండి. నన్ను ఒక ఆఫీసులో, ఏ ఆఫీసో చెప్పను, ఆరుసార్లు రేపు రమ్మన్నారు. ఏడోసారి తెల్లకాగితం బల్లమీద పెట్టి "ఈ రేపు అన్నమాట దీని మీద రాయండి" అన్నాను. ఆ పూటే పుస్తకం తీసేరు.

ఎవరికి ఈ కాగితం అక్కర్లేదో కూడా చెప్పాలి, లేకపోతే ఈ సభ అవ్వగానే అందరూ రేపే బయల్దేరతారు. 2023 అక్టోబరు 1న కానీ ఆ తరవాత కానీ పుట్టిన పిల్లలకి మాత్రమే బర్త్ సర్టిఫికెట్టు తప్పనిసరి. బడికి, పాస్‌పోర్టుకి, ఓటుకి, లైసెన్సుకి, పెళ్ళి నమోదుకి, సర్కారు ఉద్యోగానికి వాళ్ళ పుట్టిన తేదీకి అదొక్కటే రుజువు. అంతకుముందు పుట్టిన మనకి పాస్‌పోర్టుకైనా బడి సర్టిఫికెట్టు, పాన్ కార్డు లాంటివి చెల్లుతున్నాయి. టీసీ ఉన్నవాళ్ళు దాన్ని జాగ్రత్త చేసుకుంటే చాలు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక రోడ్డు ప్రమాదం కేసులో వయసుకి ఆధారు కంటే బడి సర్టిఫికెట్టునే తీసుకోమంది. ఆధారు మనిషిని గుర్తుపట్టడానికి, వయసు తేల్చడానికి కాదు.

చేనేత బీమాలో ఉన్నవాళ్ళు మాత్రం తేదీ విషయంలో జాగ్రత్త పడాలి. జీవన జ్యోతి బీమాలో చేరడానికి 18 నుంచి 50 ఏళ్ళు అని గీత ఉంది. ఇలాంటి గీతలున్న చోట పుట్టిన ఏడాది రెండు కాగితాల మీద రెండు రకాలుగా ఉంటే, మనిషి పోయేక ఇంటి ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. బతికుండగానే సరిచేసుకోవలసిన లెక్క ఇది. పేర్లు కూడా అంతే. ఇంటిపేరు ఒక దాంట్లో పొట్టి అక్షరం, ఒక దాంట్లో పూర్తిగా. అన్నీ ఒక వరసలో ఉంచండి. పడుగులో ఒక్క పోగు జారితే బట్టంతా కనబడదూ, అదే ఇది.

ఇప్పుడు పుట్టే పిల్లల సంగతి తేలిక. ఆసుపత్రిలో పుడితే చెప్పే బాధ్యత ఆసుపత్రి వాళ్ళదే. ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. గడువు 21 రోజులు. నమోదైన ఏడు రోజుల్లోపు సర్టిఫికెట్టు ఉచితంగా ఇవ్వాలి. డిశ్చార్జి అయ్యేటప్పుడు బిల్లు చూసుకున్నంత శ్రద్ధగా ఆ ఫారంలో తల్లి పేరు, తండ్రి పేరు స్పెల్లింగు చూసుకోండి. అక్కడ పడ్డ అక్షరం దిద్దించాలంటే తరవాత చెప్పులరగాలి.

ఫోనులో తీసిస్తామనే వాళ్ళున్నారు. కంప్యూటరులో దొరికే సర్టిఫికెట్టుకి చతురస్రం గుర్తు ఉంటుంది, ఫోనుతో చూస్తే ప్రభుత్వ సైటుకే వెళ్ళాలి. సైటు పేరు చివర గవ్ డాట్ ఇన్ అని లేకపోతే అది దొంగది. అలాంటి దొంగ సైట్లు చాలా ఉన్నాయి, అచ్చంగా అసలుదానిలాగే కాగితం ఇస్తాయి. దాంతో పాస్‌పోర్టుకి వెళ్తే పట్టుబడేది సైటువాడు కాదు, మన కుర్రాడు.

దొరికిన కాగితాన్ని ఇనప్పెట్టెలో అడుగున పెట్టకండి. 1996 తుఫానులోనూ, 2022 జూలై వరదలోనూ యానాంలో ముందు తడిసింది ఇనప్పెట్టెల అడుగే. ప్లాస్టిక్ సంచీలో వేసి అటక మీద పెట్టండి, ఫోటో తీసి పిల్లల ఫోనుల్లో ఉంచండి.

మా సొసైటీలో ప్రతి ఆదివారం పొద్దున్న పది గంటల నుంచి ఈ దరఖాస్తులు రాసిపెడుతున్నాం. రుసుము ఏమీ లేదు. వచ్చేటప్పుడు రేషను కార్డు, ఉన్న పాత కాగితాలన్నీ, ఇంట్లో అందరికంటే పెద్దావిడని వెంట తీసుకుని రండి. ఫ్రెంచి కాగితం ఉన్నవాళ్ళు ముందురోజు చెప్తే ఆ భాష చదివే పెద్దాయనని పిలిపిస్తాను. నా తరవాత మాట్లాడేవారు నూలు సబ్సిడీ గురించి చెప్తారు, ఎవరూ లేవకండి.